పసిఫిక్ దీవుల జనం విదేశీ సాయాన్ని ఎలా చూస్తారు? అందరూ అంటున్నట్టు చైనా అప్పుల్లో ఇరుక్కుపోయారా?

నాకు తెలిసింది ఫిజీ ఒక్కటే. 2016 చివర్నుంచి మూడేళ్ళు అక్కడ సైట్ ఇంజనీరుగా చేశాను. పపువా న్యూ గినీ, కిరిబాటీల సంగతి అక్కడ ఉన్నవాళ్ళే చెప్పాలి.

2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను ఫిజీని ఊడ్చేసింది. 44 మంది పోయారు. గాలి గంటకు 280 కిలోమీటర్ల దాకా వీచింది. హుద్‌హుద్‌కి వైజాగ్‌లో మా ఇంటి రేకులు లేచిపోవడం కళ్ళారా చూసినవాణ్ణి, అయినా రాకిరాకి వైపు కొబ్బరి చెట్లు మధ్యకి విరిగి మొండేల్లా నిలబడి ఉంటే నోట మాట రాలేదు. పడిపోయిన బడులు మళ్ళీ కట్టడం మా పని. డబ్బు ఓ పరాయి దేశానిది. ఏ దేశమో చెప్పను, ఆ కాంట్రాక్టర్లతో ఇప్పటికీ నాకు పని పడుతుంటుంది.

ఒక బడి గురించి చెప్తాను. కొండవాలు మీద నాలుగు తరగతి గదులు కట్టాం. పక్కన 5,000 లీటర్ల ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, కింద మంచి కాంక్రీటు దిమ్మ, ట్యాంకు మీద దాతగారి జెండా స్టిక్కరు. అన్నీ ఉన్నాయి, కప్పు అంచున నీళ్ళు పట్టే గొట్టం తప్ప! డ్రాయింగుల్లో గట్టర్లు 'రెండో దశ' కిందకి వెళ్ళిపోయాయి. వాన కురిస్తే చూరు నీళ్ళు ట్యాంకుకి బారెడు దూరంలో నేల మీద పడి వాగైపోయేవి. పిల్లలు చూరు కింద బకెట్లు వరసగా పెట్టుకునేవాళ్ళు. హెడ్మాస్టరు నన్ను గొడుగు కిందకి పిలిచి ఒక్క మాటా అనకుండా వేలితో చూపించాడు. సిగ్గుతో చచ్చాననుకోండి.

మూడు మెయిళ్ళు పెట్టాను. ఆ మార్పుకి అనుమతి వాళ్ళ రాజధాని నుంచి రావాలట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈలోపు ఇద్దరు అధికారులు ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు, స్టిక్కరు బాగా పడేలా ట్యాంకు పక్కన నిలబడి వెళ్ళారు.

చివరికి ఊరివాళ్ళే వేసుకున్నారు. న్యూజిలాండ్‌లో ఆపిల్ తోటల్లో కోతలకి వెళ్ళిన ఓ కుర్రాడు డబ్బు పంపాడు. తురాంగ నీ కోరో, అంటే మన గ్రామపెద్ద లాంటాయన, మనుషుల్ని పోగు చేశాడు. కలిసికట్టుగా చేసే ఈ చాకిరీని వాళ్ళు సోలెసోలెవాకీ అంటారు. గొట్టాన్ని జీఐ తీగతో కట్టారు, కొంచెం వంకర కూడా. కానీ నీళ్ళు పడ్డాయి.

ఆ సాయంత్రం చాప మీద కూర్చుని కవా (వేరు నూరి చేసే పానీయం) తాగుతూ, ఇచ్చినవాళ్ళ మీద కోపం లేదా అని ఆ గ్రామపెద్దని అడిగాను. ఆయన నవ్వాడు. "కోపమెందుకు? ట్యాంకు మంచిదే. మాకు వాన ఎటు నుంచి వస్తుందో మమ్మల్ని అడిగి ఉంటే బావుండేది" అన్నాడు.

అక్కడ మామూలు మనుషుల్లో నేను ఎక్కువగా విన్నది ఈ మాటే. ఏ దేశం ఇచ్చిందన్నది రెండో సంగతి. అడిగి ఇచ్చారా, పాడైతే మళ్ళీ వస్తారా, ఆ పనిలో మా పిల్లలకి కూలి దొరికిందా, అడిగేది ఇవీ.

చైనా విషయానికొస్తే, 2018 జనవరిలో ఫిజీ రాజధాని సువాలో స్టిన్సన్ పరేడ్, వాతువాంగా వంతెనలు చైనా గ్రాంటుతో తెరిచారు. గ్రాంటు, అప్పు కాదు. టాక్సీవాళ్ళు వంతెన బాగుందనేవాళ్ళు, ఆ వెంటనే మేస్త్రీలు కూడా చైనా నుంచే దిగారని విసుక్కునేవాళ్ళు. ఫిజీ బయటి అప్పులో పెద్ద వాటా ఇప్పుడు ఆసియా అభివృద్ధి బ్యాంకుది, ప్రపంచ బ్యాంకుది. అప్పు గొంతు మీదకి వచ్చింది ఇంకో దీవుల దేశం టోంగాకి. అక్కడ 2006 అల్లర్లలో రాజధాని నడిబొడ్డు తగలబడితే, తిరిగి కట్టుకోవడానికి చైనా ప్రభుత్వ బ్యాంకైన ఎగ్జిమ్ బ్యాంకు దగ్గర అప్పు తీసుకున్నారు, ఇంకా మోస్తున్నారు. రెంటినీ ఒకే గాటన కట్టేసి వీడియోలు చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆస్ట్రేలియా మొత్తం పసిఫిక్‌లోనే అతి పెద్ద దాత, రెండోవాళ్ళు చాలా దూరంలో ఉంటారు. ఆ డబ్బులో కొంత కన్సల్టెంట్ల జీతాలుగా మళ్ళీ ఇంటికే పోతుందని సువాలో గొణుగుతారు. ఆస్ట్రేలియాలోనే దీన్ని 'బూమరాంగ్ సాయం' అంటారు. ఇచ్చేవాళ్ళ వైపు తమాషా ఇంకోటి: 2018లో లోవీ ఇన్‌స్టిట్యూట్ అనే అక్కడి పరిశోధన సంస్థ సర్వేలో ఆస్ట్రేలియన్లు తమ బడ్జెట్‌లో సగటున 14 శాతం విదేశీ సాయానికి పోతుందనుకున్నారు. నిజానికి అది 0.8 శాతం.

మన దేశం మాట కూడా వస్తుంది. 2021లో ఇండియా లక్ష కోవిడ్ డోసులు పంపినప్పుడు నా పాత వాట్సాప్ గ్రూపంతా దండాలే. తర్వాత మన సెకండ్ వేవ్‌తో ఎగుమతులు ఆగిపోయాయి, మిగతా అవసరంలో పెద్ద భాగం ఆస్ట్రేలియా తీర్చింది. జనం రెండూ గుర్తుపెట్టుకున్నారు.

అక్కడి భారతీయుల ఫిర్యాదు మాత్రం వేరు. 1903 నుంచి మద్రాసు మీదుగా గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద పనికి, వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ మునిమనవలు లీజు భూముల్లో చెరకు వేసుకుని, చెదురుమదురు ఇళ్ళలో ఉంటారు. ఈతౌకేయి, అంటే ఫిజీ మూలవాసుల, పల్లెకి పెద్ద ఉంటాడు, సాయం అందాల్సినవాళ్ళ జాబితా ఒక్క పూటలో తయారవుతుంది, లారీ నేరుగా అక్కడికే వెళ్తుంది. చెరకు తోటల మధ్య ఒంటరి ఇంటికి ఎవరు దారి చూపాలి? మమ్మల్ని ఆఖర్న చూశారని చాలామంది నాతో అన్నారు.

అలాంటి ఇంట్లోనే ఓ మామ్మగారు ఉండేవారు. మాటంతా ఫిజీ హిందీ. తెలుగు మాత్రం "అన్నం తిన్నావా" దగ్గరే ఆగిపోయింది, ఆ ఒక్క ముక్కా రోజుకి నాలుగుసార్లు అనేవారు. తుఫాను తర్వాత ఫిజీ ప్రభుత్వం 'హెల్ప్ ఫర్ హోమ్స్' అని ఒక కార్డు ఇచ్చింది. ఇల్లు మొత్తం పోయినవాళ్ళకి 7,000 ఫిజీ డాలర్లు, కప్పుకి తగిలిన దెబ్బను బట్టి 3,000 లేదా 1,500. హార్డ్‌వేర్ షాపులో మనకి కావల్సింది మనమే కొనుక్కోవాలి. షాపుల్లో స్టాకు లేక ఆవిడ నెలల తరబడి టార్పాలిన్ కింద గడిపారు, ఆ షాపువాణ్ణి తిట్టని రోజు లేదు. రేకులొచ్చాక కొడుకుని పక్కకి జరగమని, ఒక్కో రేకునీ బొటనవేలితో నొక్కి చూసి, సొట్ట పడినవి రెండు వెనక్కి పంపించేశారు. ఇంటికి ఎవరొచ్చినా ముందు పైకి చూపించేది ఆ రేకులే.