పికప్ బండిని లేపడానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: భీమవరం దగ్గర కౌలు చెరువుల్లో రొయ్యల సాగు చేస్తున్నాను. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వీ-క్రాస్ కొన్నాను. 12 లక్షల లోన్‌కు నెలకు 26 వేలు ఈఎంఐ, ఇంకా మూడేళ్లు కట్టాలి. వానాకాలంలో మేత బస్తాలతో గట్ల మీదికి వెళితే బండి దిగబడుతోంది. సస్పెన్షన్ లిఫ్ట్ వేసి రెండంగుళాలు లేపి, పెద్ద టైర్లు బిగించడానికి ఒక షాపువాళ్లు 2.4 లక్షలు అడుగుతున్నారు. మారేడుమిల్లి వైపు తిరగాలన్న సరదా కూడా ఉంది. బ్యాంకు 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. చేతిలో 1.9 లక్షలు ఉన్నాయి. తీసుకోమంటారా?

జవాబు: లోన్ మాత్రం వద్దండి. బండి లేపాలన్న కోరికను నేను తప్పుపట్టడం లేదు. మీ కష్టార్జితం, మీ ఇష్టం. కానీ ఈ అప్పు మీ ఆదాయం వచ్చే తీరుకు సరిపోదు.

2.4 లక్షలకు 15 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ సుమారు 8,320 పడుతుంది. మొత్తం వడ్డీ 59 వేలు దాటుతుంది. ఇప్పుడున్న 26 వేలతో కలిపితే నెలకు 34 వేల పైమాటే. మీకు డబ్బు వచ్చేది మాత్రం నెలనెలా కాదు, పట్టుబడి అయినప్పుడే, అంటే రొయ్యలు పట్టి అమ్మినప్పుడే. సీడ్ (రొయ్య పిల్లలు) వేశాక మూడున్నర, నాలుగు నెలలు ఆగాలి. మధ్యలో వైట్ స్పాట్ రోగం వచ్చి ఒక పంట పోయిందనుకోండి, మళ్లీ డబ్బు కళ్లజూసేసరికి ఏడెనిమిది నెలలు. మీ 1.9 లక్షలు ఆ ఈఎంఐలకే ఐదున్నర నెలలు వస్తాయి. ఇంటి ఖర్చు, కౌలు, కరెంటు బిల్లు అందులో లెక్కే లేవు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు ఎంత టెన్షన్ పడ్డారో నాకంటే మీకే బాగా తెలుసు. రోగం రాకపోయినా రేటు పడిపోవచ్చు. అలాంటి వ్యాపారంలో ఉన్నవారు బండి అలంకారానికి అప్పు పెట్టుకుంటే నాకు భయం వేస్తుంది.

ఇంకో మాట. లిఫ్ట్‌తో మీ సమస్య నిజంగా తీరుతుందా? మీ బండికి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఉంటాయి. లిఫ్ట్ కిట్ వేస్తే బాడీ, ఛాసిస్ పైకి లేస్తాయి. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల గుండు) మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు సైజే. డెల్టా నల్లమట్టి టైరు గాళ్లలో పేరుకుపోయిందంటే టైరు నున్నగా అయి ఉన్నచోటే తిరుగుతుంది. అక్కడ కావలసింది ఎత్తు కంటే పట్టు. పైగా ఎత్తు పెరిగిన బండి బరువు కూడా పైకి జరుగుతుంది. మేత బస్తాలు వేసుకుని సన్నటి గట్టు మీద వెళ్తున్నప్పుడు అంచు జారితే పక్కకు ఒరిగే ప్రమాదం ఎక్కువ. చెరువు గట్ల మీద బండి నడిపేవారికి ఇది చిన్న విషయం కాదు.

అందుకని ముందు తక్కువ ఖర్చుతో అయ్యేవి చూడండి. పాత టైర్లు అరిగి ఉంటే కంపెనీ చెప్పిన సైజులోనే ఆల్-టెరైన్ టైర్లు వేయించండి. బురదలోకి దిగే ముందు గాలి కొంచెం తగ్గించి, రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోండి. బస్తాలు వేయగానే వెనక భాగం కుంగుతుంటే కమాన్ పట్టీలు నీరసించాయేమో మెకానిక్‌కు చూపించండి. బండి ప్రతిసారీ దిగబడే చోటు ఒకటే అయితే, పక్క చెరువుల రైతులతో కలిసి అక్కడ గ్రావెల్ తోలించడం ఇంకా మేలు. మేత ఆటోలు కూడా అదే దారిన రావాలి కదా.

షాపువాళ్లు చెప్పని ఖర్చు ఇన్సూరెన్స్ దగ్గర ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలకు, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ పడవచ్చు. ‘ఆర్‌సీలో బండి ఎత్తు రాసి ఉండదు, ఏం కాదు’ అని కొందరు ధైర్యం చెబుతారు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు నిలబడేది వాళ్లు కాదు, మీరు. సొంత డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరిస్తే నష్టం మీదే. ఎదుటి మనిషికి ప్రాణహాని జరిగితే కోర్టు మొదట ఇన్సూరెన్స్ కంపెనీతో పరిహారం కట్టించి, ఆ సొమ్మును మీ దగ్గర వసూలు చేసుకోమని చెప్పే అవకాశమూ ఉంది. అది లక్షల్లో ఉంటుంది. పైగా మీరు బిగించిన సామాను విలువ పాలసీలోని ఐడీవీలోకి (బండికి ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువ) దానంతట అది చేరదు. కాబట్టి షాపుకు అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ పెట్టీ అడగండి. నోటిమాట నమ్మకండి, రాతపూర్వకంగా తీసుకోండి. బండి బ్యాంకు తాకట్టులో (హైపోథికేషన్) ఉంది కనుక లోన్ ఒప్పందంలో మార్పుల గురించి ఏం రాసి ఉందో కూడా చదవండి.

ఇవన్నీ చూశాక కూడా లేపాలనే ఉంటే, ఒక పద్ధతి చెబుతాను. వచ్చే పట్టుబడి డబ్బులో ముందు తర్వాతి పంటకు సీడ్, మేత పెట్టుబడి తీసి పక్కన పెట్టండి. ఎనిమిది నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు వేరే ఖాతాలో వేయండి. ఆ పైన మిగిలినదాంట్లో నాలుగో వంతు బండి పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లోనో, చిన్న ఎఫ్‌డీలోనో పెట్టుకుంటూ రండి. రెండు మూడు మంచి పంటలు వస్తే అప్పు లేకుండానే పని అవుతుంది. కొటేషన్‌లో వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల సర్దుబాటు కలిసి ఉన్నాయో లేదో అడగండి. చౌకగా వస్తోందని పాత స్ప్రింగుల మీదే స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) పెట్టి సరిపెట్టే పని ఒప్పుకోవద్దు. విప్పిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. బండి అమ్మేటప్పుడు కంపెనీ సామాను తిరిగి బిగిస్తేనే మంచి రేటు వస్తుంది, లిఫ్ట్ కిట్ విడిగా అమ్ముకోవచ్చు.