బొమ్మ నిలబడటం లేదండీ!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మనిషి బొమ్మ గురించి అడిగినవే ఎక్కువ. మూడింటిని తీసుకున్నాను. మొదటిదానికే చోటంతా పోయింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: రెండేళ్లుగా సొంతంగా బొమ్మలు నేర్చుకుంటున్నాను. ఫొటో మీద గళ్లు గీసుకుని వేస్తే ముఖాలు అచ్చు దిగుతాయి. ఫొటో లేకుండా నిలబడ్డ మనిషిని వేస్తే మాత్రం చెక్కబొమ్మలా బిగుసుకుపోతాడు, లేదంటే ఓ పక్కకి ఒరిగిపోతాడు. మనిషి ఎత్తు అతని తలకి ఎనిమిది రెట్లు ఉండాలనే ఎనిమిది తలల కొలత కూడా పాటిస్తున్నాను. తప్పు ఎక్కడుందో చెప్పే గురువు లేరు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా పాత స్కెచ్‌బుక్ ఎవరో తీసి ముందు పెట్టినట్టుంది. నేనూ గళ్లతోనే మూడేళ్లు గడిపాను. ఒకసారి మా నాన్న గుమ్మంలో నిలబడినట్టు ఊహించి పెద్ద బొమ్మ వేశాను. మీసం, చొక్కా మడతలు, చేతి గడియారం అన్నీ బాగా కుదిరాయి. అమ్మ చూసి, "అదేమిట్రా, మీ నాన్న పడిపోతున్నారు, పట్టుకునేవాళ్లెవరూ లేరా?" అంది. వారం రోజులు ఆ కాగితం వైపు చూడలేదు. నా బొమ్మల మీద ఎవరైనా అన్న మాటల్లో నిజంగా పనికొచ్చింది అదేనని తర్వాత తెలిసింది.

గళ్లు మనిషిని చిన్న చిన్న ముక్కలు చేసి ఇస్తాయి. ఒక్కో గడిలో గీత ఎటు పోతోందో చూసి దించేస్తాం. ఆ మనిషి బరువు ఏ కాలి మీద ఉందన్న ప్రశ్నే రాదు. మీ బొమ్మ ఒరిగిపోయేది ఆ ప్రశ్న అడగకపోవడం వల్లే.

ఇది చదవడం ఆపి ఒకసారి అద్దం ముందుకి వెళ్లండి. బరువంతా కుడి కాలి మీద వేసి, ఎడమ మోకాలు వదులుగా వదిలేయండి. రెండు చేతులూ తుంటి ఎముకల మీద పెట్టుకుంటే కుడివైపు పైకి లేచినట్టు చేతికే తెలుస్తుంది. భుజాలు దీనికి ఎదురు తిరుగుతాయి, కుడి భుజం కిందికి దిగుతుంది. మధ్యలో వెన్నెముక వంపు తిరిగి రెండింటికీ సర్దిచెబుతుంది. ఇక గొంతు కింద, రెండు కాలర్ బోన్ల మధ్య చిన్న గుంట ఉంటుంది కదా. తాపీ మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు. అలాంటి గుండు ఆ గుంట నుంచి వదిలారనుకోండి, దాదాపు కుడి పాదం దగ్గరికే వస్తుంది. రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడితే పాదాల మధ్యకి వస్తుంది. మా నాన్న బొమ్మలో అలా గీత గీసి చూస్తే, అది రెండు పాదాలూ దాటి గడప మీద పడింది. పడిపోక ఏం చేస్తారు పాపం!

ఇదేం కొత్త రహస్యం కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి గ్రీకు శిల్పులకు ఈ ఎగుడుదిగుడు తెలుసు. మన శిల్పుల త్రిభంగిలోనూ మెడ, నడుము, మోకాలు తలో వైపు ఒరుగుతాయి. విగ్రహం మాత్రం పడదు.

అందుకని ముఖంతో మొదలుపెట్టడం కొన్నాళ్లు మానేయండి. ముందు భుజాల గీత, తుంటి గీత, గొంతు గుంట నుంచి నిలువుగా ఒక గీత. తర్వాత పక్కటెముకలకి ఒక గుడ్డు, తుంటి దగ్గర ఒక పెట్టె. కాళ్లూ చేతులూ ఆ తర్వాత. దీన్ని గడియారం పెట్టుకుని చేయాలి. 30 సెకన్లకి ఒకటి చొప్పున పది బొమ్మలు, తర్వాత రెండేసి నిమిషాలవి ఐదు, చివర్లో ఓపిక ఉంటే 20 నిమిషాలది ఒకటి. దీన్ని జెశ్చర్ డ్రాయింగ్ అంటారు. 30 సెకన్లలో కళ్లూ ముక్కూ వేసే వ్యవధి ఉండదు. మనకి కావలసిందీ అదే. మొదటి నెల బొమ్మలు ఎవరికీ చూపించబుద్ధి కాదు, చూపించకండి కూడా. రబ్బరు మాత్రం సొరుగులో పెట్టేయండి. తప్పు గీత పక్కనే సరైన గీత పడితే రెండింటికీ తేడా కనిపిస్తుంది, చెరిపేస్తే ఏదీ మిగలదు.

ఎనిమిది తలల సంగతి. అది కాస్త సాగదీసిన, హీరోలాంటి మనిషి కొలత. మామూలు పెద్దవాళ్లు ఏడున్నర తలల ఎత్తు ఉంటారు, ఏడాది పిల్లలు సుమారు నాలుగు. నిటారుగా ఎదురుగా నిలబడ్డ మనిషికి ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. చెయ్యి మీ వైపు చాచాడో, కుర్చీలో కూర్చున్నాడో, ఇక లెక్క పక్కన పెట్టి కంటిని నమ్మాల్సిందే. కొలత తప్పు పట్టుకోవడానికి వాడండి, బొమ్మ కట్టడానికి కాదు.

గురువు లేరన్నారు. నాకూ లేరు. నేను చేసిన పని ఒకటి చెబుతాను. ఫొటో చూస్తూ, గళ్లు లేకుండా, ఫొటో ఎంత ఉందో అంతే సైజులో బొమ్మ వేశాను. ఆ తర్వాత ఫొటో మీద పల్చటి ట్రేసింగ్ పేపర్ పెట్టి భుజాలు, తుంటి, మోకాళ్లు, మడమలు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాను. ఆ కాగితం తెచ్చి నా బొమ్మ మీద పరిచాను. ఇలా ఇరవై బొమ్మలయ్యేసరికి నా రోగం బయటపడింది. తల పెద్దది, కాళ్లు పొట్టి. తల దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా దిగుతూ వచ్చేసరికి కాగితం అయిపోతోంది, దాంతో కాళ్లు కుదించేస్తున్నాను. అప్పటి నుంచి నడినెత్తి ఎక్కడో, పాదాలు ఎక్కడో ముందే రెండు చిన్న గీతలు పెట్టుకుంటున్నాను. మీ రోగం వేరే కావచ్చు. ఏదైనా, ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంది, అది దొరికితే సగం పని అయినట్టే.

ఫొటోలు మీరే తీసుకుంటే ఒక జాగ్రత్త. దగ్గర నుంచి, ఫోన్ మొహం ఎత్తులో పట్టుకుని నిలువెత్తు మనిషిని తీస్తే తల ఉబ్బి, పాదాలు చిన్నవైపోతాయి. నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్లి, నడుం ఎత్తులో పట్టుకుని తీయండి.

చూసి వేయడం తప్పేమో అని మాత్రం టెన్షన్ పడకండి. విన్సెంట్ వాన్ గో 1880లో, 27వ ఏట బొమ్మల దారి పట్టాక, ఫ్రెంచ్ చిత్రకారుడు చార్లెస్ బార్గ్ తయారుచేసిన అచ్చు నమూనాలను పదే పదే చూసి దించాడు. దించేటప్పుడు ఏం చూస్తున్నామన్నదే తేడా.

ప్రశ్న: అనాటమీ కోసం కండరాల పేర్లన్నీ బట్టీ పట్టాలా?

జవాబు: పేర్లు మీకు ఇష్టమైతే పట్టండి. నాకు సగం ఇప్పటికీ నోరు తిరగవు. ముందు ఎముకలు చర్మానికి దగ్గరగా వచ్చే చోట్లు తెలుసుకోండి: కాలర్ బోన్, మోచేయి, తుంటి అంచు, మోకాలిచిప్ప, చీలమండ. మనిషి లావైనా సన్నమైనా అవి ఉన్న చోటే ఉంటాయి. చీలమండ దగ్గర లోపలి బుడిపె ఎత్తులో, బయటిది కిందికి ఉంటుంది. పిక్కలో దీనికి తలకిందులు, బయటి ఉబ్బు పైన, లోపలిది కింద. ఈ రెండూ సరిచేస్తే చాలు, కాలు స్తంభంలా ఉండదు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. అరచెయ్యి పైకి పెడితే అవి పక్కపక్కన ఉంటాయి. బోర్లా తిప్పితే బొటనవేలి వైపుది రెండోదాని మీదుగా అడ్డంగా వస్తుంది. మీ చెయ్యే పట్టుకుని తిప్పి చూడండి, ముంజేయి ఆకారమే మారిపోతుంది.

ప్రశ్న: చేతివేళ్లు రావడం లేదు. అందుకే అందరి చేతులూ వెనక్కి కట్టించేస్తున్నాను!

జవాబు: వేళ్లు ఒక్కొక్కటీ వేయకండి. ముందు అరచేతికి ఒక పలక, నాలుగు వేళ్లకీ కలిపి చేతితొడుగు లాంటి ఒకే ఆకారం, బొటనవేలికి విడిగా ఒక ముక్క. విడదీయడం ఆఖర్న. చాలామంది చేతుల్ని మరీ చిన్నవిగా వేస్తారు. గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యేదాకా ఎంత ఉంటుందో, చెయ్యి, అంటే మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా, సుమారు అంత పొడవుంటుంది. మోడల్ కోసం వెతకక్కర్లేదు, పెన్సిల్ పట్టని చెయ్యి ఎప్పుడూ ఖాళీయే కదా. చేతులు వెనక్కి కట్టుకున్న మనుషులు నా దగ్గరా ఒక స్కెచ్‌బుక్ నిండా ఉన్నారు.