క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతే క్లచ్ ప్లేటు అరిగినట్టేనా?

కాదు, పెడల్ మెత్తబడి గేర్లు పడకపోతే ముందు అనుమానించాల్సింది తొక్కిన బలాన్ని ఫ్లూయిడ్ ద్వారా క్లచ్‌కు చేర్చే హైడ్రాలిక్ లైనులో చేరిన గాలిని లేదా లీకును. ఫ్లూయిడ్ కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. అందుకే తొక్కిన బలం అవతలి చివర క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ దాకా చేరదు.

ఉదాహరణకు, నాలుగైదుసార్లు గబగబా తొక్కితే పెడల్ గట్టిపడిందంటే దాదాపు గాలే. తొక్కిపట్టినా మెల్లగా దిగుతుంటే, పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ సీలు చూడండి. అది లీకవుతుంటే, పెడల్‌ను సిలిండర్‌కు కలిపే పుష్‌రాడ్ దగ్గర తరచూ వేలికి తడి తగులుతుంది.

గాలి తీయడానికి రిజర్వాయర్ (ఫ్లూయిడ్ డబ్బా) మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడే పోయాలి (ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి). ఒకరు పెడల్ తొక్కిపట్టాక స్లేవ్ సిలిండర్ మీద గాలి బయటికి వదిలే బ్లీడర్ స్క్రూ వదులు చేసి, పెడల్ వదలకముందే బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇంతే.

ప్లేటు అరిగితే లక్షణం వేరు: గేర్లు పడతాయి, ఇంజిన్ రొద పెరుగుతుంది, బండి మాత్రం వేగం అందుకోదు.