ఇంటికి ఒక్క బోనస్ అంటే నలుగురు రూమ్మేట్లకీ ఒక్కటేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి, ఆన్‌లైన్ కాసినో బోనస్. ఒకటి ఆడిన కుర్రాడి నుంచి, ఒకటి ఆడేవాళ్ల ఖాతాలు పరిశీలించే ఉద్యోగిని నుంచి, మూడోది ఓ తల్లి నుంచి. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న (కోవెంట్రీ, యూకే): మేడమ్, నేనిక్కడ ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఒకే ఇంట్లో అద్దెకుంటాం, వైఫై ఒకటే. ఒక కాసినో యాప్‌లో 50 పౌండ్లు వేస్తే ఇంకో 50 బోనస్ అన్నారు. ముందు నేను చేరాను, తర్వాత ఇద్దరు ఫ్రెండ్స్ చేరారు. మాతో ఉండే నాలుగోవాడు ఇండియా వెళ్లిపోయాడు, వాడి పాస్‌పోర్టు ఫొటో నా ఫోన్‌లో ఉంటే వాణ్ని అడిగి ఆ పేరుతో కూడా నేనే ఖాతా తెరిచాను. చెప్పినన్ని పందేలు ఆడాక నా ఖాతాలో 212 పౌండ్లు ఉన్నాయి. తీసుకుందామంటే ‘బోనస్ దుర్వినియోగం’ అని మెయిల్ పెట్టి అందరి ఖాతాలూ మూసేశారు. నేను వేసిన 50 కూడా ఇవ్వలేదు. తప్పు మాదేనా?

జవాబు: మీ ఫ్రెండ్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది మీకు చిన్న విషయంలా అనిపించినట్టుంది. వాడు సరేనన్నా సరే, ఇంకొకరి పేరుతో ఖాతా తెరిచి ఆడటం తప్పే, అది కంపెనీ షరతు మీరడంతో ఆగదు, అబద్ధం చెప్పి లాభం పొందడం కింద బ్రిటన్‌లో 2006 నాటి ఫ్రాడ్ చట్టం దాకా వెళ్లగలదు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అలాంటిదాని దరిదాపులకు కూడా పోకూడదు. ఆ పాస్‌పోర్టు ఫొటో ఇవాళే ఫోన్‌లోంచి తీసేయండి. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ ఖాతా సంగతి దాచకండి కూడా, వాళ్ల దగ్గర ఫోన్ వివరాలు ఎలాగూ ఉంటాయి.

మీ ఇద్దరు ఫ్రెండ్స్ సంగతి వేరు. వాళ్లు సొంత పేరుతో, సొంత కార్డుతో, సొంత డబ్బుతో ఆడారు. ‘ఇంటికి ఒక్క బోనస్’ అనే షరతు చాలా చోట్ల ఉంటుంది, అది ఆఫర్ దగ్గరే స్పష్టంగా రాసి ఉంటే బోనస్ మీద వచ్చింది వదులుకోవాల్సి రావచ్చు. ఎక్కడో కిందెక్కడో ‘అసాధారణ ఆట’ అని గుండుగుత్తగా రాసి, దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు ఆపడం మాత్రం అక్కడ చెల్లదు. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ మూడు పెద్ద కంపెనీల చేత రాతపూర్వకంగా ఒప్పించింది ఇదే: ఆట మీద ఏ ఆంక్ష ఉన్నా ముందే తెలిసేలా చెప్పాలి, ఆటగాడు తన సొంత డబ్బు తీసుకోవడానికి ఇన్నిసార్లు ఆడాలని పట్టుబట్టకూడదు. కాబట్టి మీ 50 అడగడానికీ మీకు కారణం ఉంది, గెలుపు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఎవరికి వాళ్లు విడిగా ఫిర్యాదు పెట్టండి. అద్దె ఒప్పందంలో ఎవరి పేరు వాళ్లది ఉన్న పేజీ, బ్యాంకు స్టేట్‌మెంట్, చేరిన రోజు చూసిన ఆఫర్ స్క్రీన్‌షాట్ ఉంటే అదీ జతచేయండి. కంపెనీకి 8 వారాల గడువు ఉంటుంది, అప్పటికీ తేలకపోతే ఐబాస్, ఈకోగ్రా లాంటి మధ్యవర్తి సంస్థకు వెళ్లొచ్చు, ఆటగాడికి ఖర్చేమీ ఉండదు. ఏ సంస్థకు వెళ్లాలన్నది కంపెనీ షరతుల్లోనే రాసి ఉంటుంది.

ఇంకొక్కటి, లెక్క. గెలిచింది తీసుకునే ముందు 50 పౌండ్ల బోనస్‌కి 35 రెట్లు పందేలు కాయాలన్న షరతు ఉందనుకోండి, అంటే 1,750 పౌండ్ల పందేలు కాయాలి. వంద కాస్తే సగటున 96 తిరిగొచ్చే స్లాట్ (బొమ్మల చక్రాలు తిరిగే మెషీన్ ఆట) మీద ఆడితే ఆ 1,750లో 70 పోతాయి, అంటే బోనస్ కంటే ఎక్కువ. కొన్ని దేశాల సైట్లలో బ్లాక్‌జాక్ అనే పేకాటలో కాసినదాన్ని పదో వంతే లెక్కేస్తారు, అప్పుడు కాయాల్సింది 17,500. మనవాళ్లు ఆఫర్‌లో 50 అంకె చూస్తారు, పక్కనున్న 35 చూడరు. 2026 జనవరి 19 నుంచి బ్రిటన్‌లో 10 రెట్లకు మించి పెట్టకూడదన్న నిబంధన వచ్చింది, అదే స్లాట్ మీద 500 కాస్తే సగటున పోయేది 20. ఇది సగటు మాత్రమే, మీ ఒక్కరి విషయంలో మొత్తం 50 మొదటి గంటలోనే పోవచ్చు. మీలో ఎవరికైనా ఆపుకోలేకపోతున్నాం అనిపిస్తే గామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకోండి, ఉచితం, కనీసం 6 నెలలు బ్రిటన్ లైసెన్సున్న సైట్లేవీ మిమ్మల్ని ఆడనివ్వవు.

ప్రశ్న (హైదరాబాద్): విదేశీ కాసినో కంపెనీకి ఇక్కడి నుంచి రిస్క్ టీమ్‌లో పనిచేస్తున్నాను. రోజూ ఫ్లాగ్ అయిన, అంటే అనుమానం ఉందని గుర్తు పడ్డ ఖాతాలు చూసి మూయాలో వదలాలో తేల్చాలి. మోసగాళ్లూ ఉంటారు, కానీ మామూలు వాళ్లని కూడా మూసేస్తున్నామేమో అని రాత్రిళ్లు టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: ఆ టెన్షన్ పడేవాళ్లు మీ కుర్చీలో ఉండటం మంచిది. మోసం నిజంగానే ఉంది. ఒకే మనిషి పది ఖాతాలు తెరుస్తాడు, రౌలెట్ అనే చక్రం ఆటలో ఒక ఖాతాతో ఎరుపు మీద, ఇంకో ఖాతాతో నలుపు మీద అంతే మొత్తం కాస్తాడు, ఒకటి పోయినా రెండోది వస్తుంది, మధ్యలో సున్నా పడితే తప్ప పెద్దగా నష్టం లేకుండా షరతు తీరిపోతుంది. అలాంటివి పట్టుకోవాల్సిందే. ఒకే ఫోన్, ఒకే కార్డు, రెండు ఖాతాల పందేలు సెకన్ల తేడాలో ఎదురెదురుగా పడటం, ఇవి గట్టి సాక్ష్యాలు. ఒకే వైఫై, ఒకే చిరునామా గట్టి సాక్ష్యాలు కావు. పై ఉత్తరం చూశారుగా, మన పిల్లలు బయటి దేశాల్లో నలుగురైదుగురు ఒకే ఇంట్లో ఉంటారు.

ఇక్కడ మీకు మీ టీమ్‌లో మిగతావాళ్లకు లేని బలం ఒకటుంది, తెలుగు పేర్లు తెలియడం. ఒకే ఇంట్లో ఇద్దరు ‘రెడ్డి’ ఉంటే అన్నదమ్ములని అక్కడి మేనేజర్ అనుకుంటాడు, మీరు అనుకోరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, బ్యాంకు కార్డు మీద అదే ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఇంకోచోట పేరు ముందు ఇంటిపేరు వెనుక, ఇలా ఒకే మనిషి మూడు రకాలుగా కనిపిస్తాడని మీకు తెలుసు. ఈ సంగతి రెండు పేజీల నోట్‌గా రాసి మీ పైవాళ్లకు పంపండి. ఎన్ని ఖాతాలు బతుకుతాయో.

నా పట్టుదల ఇంకోటుంది. తనిఖీ బోనస్ ఇచ్చే ముందు జరగాలి. బ్రిటన్‌లో 2019 మే నుంచి పేరు, చిరునామా, పుట్టినతేదీ సరిచూశాకే ఆడనివ్వాలి, ముందే అడగగలిగిన కాగితాలను డబ్బు తీసుకునే వేళ అడ్డుపెట్టకూడదు. మీ దగ్గర ఒక పరీక్ష పెట్టి చూడండి: ఒకే చిరునామాలో నాలుగు ఖాతాలుంటే, మూడు ఓడిపోయినప్పుడు ఎవరూ ఫ్లాగ్ చేయకుండా, నాలుగోది గెలిచి విత్‌డ్రా నొక్కాక మాత్రమే ఫ్లాగ్ పడిందా? అలా పడితే ఆ ఓడిన ముగ్గురి డిపాజిట్లు కూడా వెనక్కివ్వాలి కదా అని మీటింగ్‌లో అడగండి.

ప్రశ్న (గుంటూరు): మా అబ్బాయి టెలిగ్రామ్‌లో ఎవరో ఏజెంటు ఇచ్చిన కాసినో సైట్‌లో ఆడుతున్నాడు. 200 శాతం బోనస్ అన్నారట. ఇప్పుడు లక్షన్నర కనిపిస్తోంది కానీ తీసుకోవాలంటే ముందు 18,000 ‘ట్యాక్స్’ కట్టమంటున్నారు. కట్టాలా అండీ?

జవాబు: వద్దమ్మా, ఒక్క రూపాయి కూడా వద్దు. గెలిచిన డబ్బు ఇవ్వడానికి ముందుగా డబ్బు అడిగితే అది మోసం. ఆ లక్షన్నర తెర మీద అంకె మాత్రమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. ఆ కేంద్ర చట్టంలో శిక్ష నడిపేవాళ్లకూ ప్రకటనలిచ్చేవాళ్లకూ, ఆడినవాళ్లకు కాదు. కేసు మనమీదే పడుతుందేమోనని భయపడి ఊరుకోకండి. ఇవాళే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, డబ్బు పంపిన యూపీఐ వివరాలూ ఏజెంటుతో మాట్లాడిన చాట్లూ ఏవీ చెరపవద్దని చెప్పండి. అబ్బాయిని తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి, తన బ్యాంకు ఖాతా గానీ సిమ్ గానీ ఆ ఏజెంటుకి వాడుకోవడానికి ఇచ్చాడా అని. ఇచ్చి ఉంటే అది ఇంకా అర్జెంటు, బ్యాంకుకి వెళ్లి ఆ ఖాతా ఆపించండి. వాడు నిద్రపోవట్లేదనీ అన్నం సరిగా తినట్లేదనీ ఉత్తరం చివర రాశారు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మీరైనా చేయొచ్చు.