చిన్న అప్పులతో పేదరికం పోతుందా? ఫీల్డ్‌లో పనిచేసిన అనుభవంతో నా జవాబు

పూచీ అడగకుండా పేదవాళ్లకు చిన్న అప్పులు ఇస్తే వాళ్లు పేదరికం నుంచి బయటపడతారా, మీ మిత్రబృందం అలాంటి నిధి ఒకటి మొదలుపెట్టవచ్చా అని అడిగారు. మైక్రోఫైనాన్స్ సంస్థలో కొన్నేళ్లు ఫీల్డ్ ఆఫీసరుగా చేశాను. నన్నడిగితే, ఎంత అప్పు ఇచ్చామన్నదానికంటే వాయిదా ఎప్పుడు కట్టమన్నామన్నదే ముఖ్యం.

అప్పు ఫారంలో 'దేనికోసం' అన్నచోట దాదాపు అందరూ వ్యాపారమనే రాయించేవారు. మాకు కావలసిన మాట అదేనని వాళ్లకు తెలుసు. డబ్బు మాత్రం ఆసుపత్రికో, పిల్లల ఫీజుకో, ఎక్కువ వడ్డీకి తెచ్చిన పాత బాకీకో పోయేది. మా పైవాళ్లు దీన్ని మోసమనేవారు. నాకెప్పుడూ అలా అనిపించలేదు. కూలి చేసుకునేవాళ్లకు ఆదాయం తక్కువ, పైగా అది ఏ రోజు వస్తుందో తెలియదు. ఖర్చేమో ఆగదు. ఆ మధ్య రోజులు గడవడానికే అప్పు.

బంగ్లాదేశ్‌లోని గ్రామీణ్ బ్యాంకుకూ, దాన్ని స్థాపించిన ముహమ్మద్ యూనస్‌కూ 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చాక చిన్న అప్పుల మీద అందరికీ ఆశలు బాగా పెరిగాయి. 2015లో భారత్, మొరాకో, మెక్సికో, మంగోలియా, ఇథియోపియా, బోస్నియాల్లో చేసిన అధ్యయనాలు ఒకేసారి అచ్చయ్యాయి. కొందరి వ్యాపారాలు కాస్త పెరిగాయి గానీ, సగటున ఇంటి ఆదాయంలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. అలాగని జనం పెద్దయెత్తున నష్టపోయారనీ తేలలేదు. నేను చూసిందీ ఇంచుమించు అంతే.

ఇక వాయిదాల సంగతి. మా దగ్గర అప్పు చేతికొచ్చిన మరుసటి వారమే మొదటి వాయిదా. సరుకు కొని, అమ్మి, డబ్బు చేతికి రావడానికి ఆ వారం ఏం సరిపోతుంది? అందుకని తెలివైనవాళ్లు మొదటి కొన్ని వాయిదాలకు ఆ అప్పు సొమ్ములోంచే తీసి దాచుకునేవారు. కోల్‌కతాలో జరిగిన ఒక ప్రయోగంలో మొదటి వాయిదాకు రెండు నెలల గడువిస్తే ఎక్కువమంది వ్యాపారం మొదలుపెట్టారు, లాభాలూ పెరిగాయి. ఎగవేతలూ పెరిగాయి, అది దాచకూడదు. అక్కడే జరిగిన ఇంకో అధ్యయనంలో వారానికోసారి కాకుండా నెలకోసారి కట్టేవాళ్లకు డబ్బు టెన్షన్ తక్కువగా ఉందని తేలింది.

గ్రూపు జామీను మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు వేసుకోవాలి. ఆ రోజు మీటింగులో ఆ మనిషి మొహం చూడలేం. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు ఈ ఉమ్మడి బాధ్యతను తీసేసి చూస్తే వసూళ్లేమీ తగ్గలేదు.

వడ్డీ దగ్గరా జాగ్రత్త. పదివేలు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీకిచ్చి, నెలకు 933 చొప్పున పన్నెండు వాయిదాల్లో తీసుకుంటే నిజంగా పడే వడ్డీ రేటు ఏడాదికి 21 శాతం పైనే ఉంటుంది. బాకీ నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే వేస్తారు గనక. అప్పు తీసుకునేవాళ్లలో ఈ లెక్క తెలిసినవాళ్లు నాకు తగల్లేదు. చెప్పమని మాకూ ఎవరూ చెప్పలేదు.

పేదవాళ్లకు అప్పు కన్నా ముందు కావలసింది డబ్బు దాచుకునే చోటు. ఇంట్లో ఉన్న డబ్బును ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కెన్యాలో ఒకచోట సంతలో అమ్ముకునే ఆడవాళ్లకు పొదుపు ఖాతాలు తెరిపించారు. వడ్డీ లేదు, డబ్బు తీస్తే ఫీజు కూడా. అయినా వాళ్లు ఎక్కువ దాచారు, వ్యాపారంలో ఎక్కువ పెట్టారు. 1991లో నైజర్‌లో కేర్ అనే అంతర్జాతీయ సేవాసంస్థ మొదలుపెట్టిన పొదుపు సంఘాల్లో బయటి డబ్బే ఉండదు. సభ్యులు దాచుకున్నదే వాళ్లలో వాళ్లు అప్పుగా వాడుకుని, ఏడాది చివర పంచుకుంటారు.

కాబట్టి మీ బృందం ముందు పొదుపు సంఘం నడపడానికి సాయం చేస్తే మేలు. నిధే పెట్టాలనుకుంటే ఒకరికి ఇప్పటికే ఎన్నిచోట్ల అప్పులున్నాయో అడిగాకే ఇవ్వండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడం పెరిగిపోవడం వల్లే చాలాచోట్ల ఈ వ్యవస్థ కుదేలైంది. వడ్డీ తగ్గే బాకీ మీదే వేయండి. వసూలుకు వెళ్లేవాళ్ల జీతాన్ని మాత్రం వసూలు శాతంతో ముడిపెట్టకండి. మాకు అలాగే ముడిపెట్టారు. నెలాఖరు వచ్చేసరికి నెమ్మదస్తులు కూడా గుమ్మంలో నిలబడి అరిచేవారు.