ల్యాప్‌టాప్ సర్వీస్ సెంటర్‌కి ఇచ్చే ముందు

అమ్మాయీ,

స్క్రీన్ సగం నల్లబడిందని, వారంటీలో ఇస్తున్నానని రాశావు. పోయింది స్క్రీనే కదా అని నీ ఫైళ్ళుండే డ్రైవ్‌ను అలాగే వదిలేయకు. తీసుకెళ్ళాక మదర్‌బోర్డు మార్చాల్సి రావచ్చు, విండోస్ మళ్ళీ ఎక్కించవచ్చు. డేటా పోతే వారంటీ దాన్ని తెచ్చివ్వదు.

అన్నిటికన్నా ముందు బిట్‌లాకర్ కీ. బిట్‌లాకర్ అంటే డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు. ఈ మధ్య వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే, మనకు తెలియకుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మారిపోతుంది. దాని తాళంచెవి బోర్డుమీది టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. బోర్డు మారిందా, ఆన్ చేయగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్ళను ఇక ఎవరూ తెరవలేరు. ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద కీ చూసి, పక్కనున్న కీ ఐడీతో సహా కాగితం మీద రాసిపెట్టుకో. సర్వీస్‌కి పంపుతున్నాం కదా అని బిట్‌లాకర్ ఆపేయమని కొందరు చెబుతారు. వినకు. ఆపితే డేటా బయటపడి ఉంటుంది.

తర్వాత బ్యాకప్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేస్తే సరిపోదు. ట్యాలీ డేటా మామూలుగా సి డ్రైవ్‌లో పబ్లిక్ ఫోల్డర్ కింద ఉంటుంది, మెయిళ్ళు దాచే అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైలు వేరేచోట ఉండొచ్చు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు విడిగా తీసుకోవాలి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దానిలోకి ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకో. కాపీ అయ్యాక వేరే కంప్యూటర్‌లో నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడు. ఈ పని చాలామంది చేయరు.

ఇప్పుడు చెరపడం. స్క్రీన్ కనిపించకపోతే హెచ్‌డీఎంఐతో టీవీకి కలుపు. చార్జర్ పెట్టి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్ అని వెళ్ళు. అక్కడ చేంజ్ సెట్టింగ్స్ నొక్కి, క్లీన్ డేటా ఆన్ చేయి. అది ఆన్ చేయకపోతే పాత ఫైళ్ళను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికి లాగే అవకాశం ఉంటుంది. రీసెట్ అయ్యాక మొదటి సెటప్ స్క్రీన్ దగ్గరే ఆపి ఇచ్చేయి. నీ పాస్‌వర్డ్ ఎవరికీ రాసివ్వనక్కర్లేదు.

చెరపడానికి బదులు ఎం.2 ఎస్‌ఎస్‌డీని, అంటే బోర్డులో గుచ్చి ఉండే సన్నని డ్రైవ్‌ను, ఊడదీసి ఇంట్లోనే పెట్టుకోవచ్చు, కానీ ముందు కంపెనీని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకో. కొందరు డ్రైవ్ లేకుండా పరీక్షించలేమంటారు. తీసేటప్పుడు ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. చిన్న స్క్రూ ఒక్కటే ఉంటుంది, అది తీయగానే డ్రైవ్ ఒక చివర పైకి లేస్తుంది, ఆ వాలులోనే మెల్లగా లాగు. కొన్ని మోడళ్ళలో అది బోర్డుకే అతికి ఉంటుంది, వాటి జోలికి పోకు.

ఒకవేళ డ్రైవే చెడిపోయిందని వాళ్ళు మారిస్తే, పాతది సాధారణంగా కంపెనీకే పోతుంది. చెరపడానికి వీలుండదు కనుక అక్కడ కాపాడేది ఎన్‌క్రిప్షన్ ఒక్కటే.

జాబ్ షీట్ మీద సీరియల్ నంబరు, ఎస్‌ఎస్‌డీ కెపాసిటీ రాయించుకుని ఫొటో తీసుకో. వెనక్కి వచ్చాక కౌంటర్ దగ్గరే రెండూ సరిచూసుకుని సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
మామయ్య