ఎండిన ఎముకల దర్శనం: నాకు అర్థమైనది

బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం 37వ అధ్యాయంలో, ఆ ప్రవక్త దర్శనంలో చూసిన ఎండిన ఎముకలు బతకడమంటే చనిపోయినవాళ్లు లేవడమా, లేక మనం పోగొట్టుకున్నవన్నీ తిరిగి వస్తాయనే వాగ్దానమా అని అడిగారు. ముందు 11వ వచనం చదవండి. ఈ ఎముకలు ఇశ్రాయేలీయులేనని దేవుడే అక్కడ చెబుతాడు. మా ఎముకలు ఎండిపోయాయి, ఇక ఆశ లేదు, మా పని అయిపోయింది అని వాళ్లు అనుకుంటున్నారు. వాళ్ల నోట వచ్చిన ఆ మాటే దర్శనమైంది.

వాళ్లు క్రీ.పూ. 597లో యూదా రాజు యెహోయాకీనుతో పాటు బబులోనుకు చెరపోయినవాళ్లు. యెహెజ్కేలూ వాళ్లలో ఒకడే. యెరూషలేము కూలిందన్న కబురు 33వ అధ్యాయంలో అందుతుంది. ఇక వెనక్కి వెళ్లడానికి పట్టణమూ లేదు, మందిరమూ లేదు. కాబట్టి సమాధులు తెరిచి మీ దేశానికి తీసుకొస్తాననడం మొదట ఆ జనానికి చెప్పిన మాట. తర్వాత చాలామంది ఇందులో పునరుత్థానాన్ని కూడా చూశారు, తప్పనను. కానీ దాని గురించి సూటిగా కావాలంటే దానియేలు 12:2 ఉంది.

మా ఆయన పోయాక ఈ అధ్యాయాన్ని నాకు చాలామంది చదివి వినిపించారు. అందరూ చివర్లో లేచి నిలబడే మహా సైన్యం దగ్గరికే పరుగెత్తేవారు. నన్ను పట్టుకున్నది మాత్రం 8వ వచనం. ఎముకలు దగ్గరికి చేరాయి, నరాలు, మాంసం, పైన చర్మం, అన్నీ వచ్చాయి. ఊపిరి మాత్రం లేదు. అప్పట్లో నేను ఆఫీసుకు వెళ్తున్నాను, పిల్లల ఫీజులు కడుతున్నాను, ఎవరైనా పలకరిస్తే నవ్వుతున్నాను. "పర్లేదు, తేరుకుంది" అనేవారు. లోపల ఏమీ లేదు. ఆ స్థితికి బైబిల్లో ఒక వచనం ఉందని తెలియడమే నాకు పెద్ద ఊరట. ఊపిరి కోసం ప్రవక్త మళ్లీ విడిగా ప్రవచించాల్సి వచ్చింది మరి!

ఇంకో మాట. ఈ ఎముకలు బతకగలవా అని దేవుడు అడిగితే యెహెజ్కేలు అవుననలేదు, కాదనలేదు. నీకే తెలుసన్నాడు. "నీకు విశ్వాసం లేదా?" అని నిలదీసినవాళ్లకు నేను ఇదే చూపించేదాన్ని.

పోయినవన్నీ వస్తాయనే హామీగా మాత్రం దీన్ని తీసుకోకండి. పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాక యూదులు తిరిగి వచ్చారు కానీ, పాత రాజ్యం రాలేదు. పారసీకుల ఏలుబడిలోనే మందిరం కట్టుకున్నారు. ఎజ్రా 3లో పునాది వేసిన రోజున కొందరు సంతోషంతో కేకలు వేస్తుంటే, పాత మందిరాన్ని చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. ఈ దర్శనంతో పాటు ఆ అధ్యాయం కూడా చదవండి, మీ రెండో ప్రశ్నకు నాకంటే అదే బాగా జవాబు చెబుతుంది.